అది కలువ కాదండి, ఆకు కింద కణుపు చూడండి

ఫోటోలు నాలుగూ జూమ్ చేసి చూశానండి. మీరడిగింది ఒకసారి చెప్పి జవాబులోకి వస్తాను, మధ్యలో వచ్చి చదివేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. జనగామ దగ్గర మీ ఊరి చెరువులో, మత్తడి పక్కన నీళ్ళు మోకాలి లోతు ఉండే చోట కలువాకుల్లాంటి ఆకులు తేలుతున్నాయి, వాటి మధ్య రెండు రూపాయల బిళ్ళంత తెల్ల పూలు, పూల మీద నూగు. యాప్‌లో పెడితే ఒకసారి వాటర్ లిల్లీ అంటోంది ఒకసారి వేరే పేరు చెప్తోంది, ఊళ్ళో ఒకాయన అంతరతామర అన్నాడు, చేపలు వేసినవాళ్ళేమో ఇది చెరువంతా కప్పేస్తోంది మందు కొట్టిద్దాం అంటున్నారు, మీకేమో ఒక మొక్క తెచ్చి ఇంట్లో తొట్టిలో వేసుకోవాలని ఉంది. ఇంతే కదా.

సూటిగా చెప్పాలంటే మొదటి మూడు ఫోటోల్లో ఉన్నది నింఫాయిడిస్ ఇండికా. కలువ కాదు, తామర కాదు, అంతరతామర అని ఎక్కువమంది పిలిచే పిస్టియా కూడా కాదు. నాలుగో ఫోటో దగ్గర మాత్రం ఆగాలి, అందులో కుడివైపు కింద మూలన ఉన్న చిన్నాకుల గుంపు అదే మొక్క కాదు. అది నింఫాయిడిస్ క్రిస్టేటా అనిపిస్తోంది నాకు. అదే నిజమైతే మీ చెరువులో రెండు జాతులు పక్కపక్కనే ఉన్నట్టు, యాప్ పూటకో మాట చెప్పడానికి సగం కారణం అదే అయ్యుంటుంది.

ఇంత ధీమాగా ఎలా చెప్తున్నానంటే మీ రెండో ఫోటో వల్ల. మీరు కర్రతో ఒక ఆకుని కొంచెం పైకి లేపి తీశారు చూడండి, తెలిసి తీశారో తెలీక తీశారో గానీ గుర్తింపుకి కావాల్సిందంతా అందులోనే ఉంది. ఆకు కింద ఒక అంగుళం లోపే కాడ మీద ఒక కణుపు ఉంది, ఆ కణుపు దగ్గర్నుంచే పూల కాడలు గుత్తిగా బయల్దేరాయి, ఒకటి విచ్చుకుంది, రెండు మూడు మొగ్గలున్నాయి, ఇంకో రెండు వాడిపోయి కిందకి వంగి నీళ్ళలోకి పోయాయి. కలువలో ఇలా చచ్చినా ఉండదు. కలువకి ఆకు కాడ వేరు పూల కాడ వేరు, రెండూ బురదలో ఉన్న దుంప నుంచి విడివిడిగా పైకి వస్తాయి, పూవు పట్టుకుని లాగితే పూవొక్కటే పొడుగాటి కాడతో వస్తుంది, ఆకు రాదు. నింఫాయిడిస్‌లో పూవు పట్టుకుని లాగితే ఆకు కూడా వెంట వస్తుంది, ఎందుకంటే మనం ఆకు కాడ అనుకునే ఆ పొడుగాటి తాడు అసలు ఆకు కాడే కాదు, అది కాండం. బురద నుంచి పైదాకా వచ్చి, చివర్లో ఒక్క ఆకూ ఒక పూల గుత్తీ మోస్తుంది, ఆ గుత్తికి పైన ఆకు వరకూ ఉన్న పొట్టి ముక్కే నిజమైన ఆకు కాడ. ఇది ఒక్కటి మనసులో పెట్టుకుంటే మీరు ఇంకెప్పుడూ కలువకీ దీనికీ తికమకపడరు, పూత లేకపోయినా సరే, ఎండిన గుత్తి అయినా అక్కడ వేలాడుతూనే ఉంటుంది.

మరి ఆకులు అంత ఒకేలా ఎందుకున్నాయి అంటారా. నీటి మీద తేలాలంటే గుండ్రంగా వెడల్పుగా ఉండాలి, పై భాగం మైనం పూసినట్టు నీళ్ళు జారిపోవాలి, లోపల గాలి గదులుండాలి, అలా రెండు వేర్వేరు కుటుంబాలు ఒకే రూపానికి వచ్చి చేరాయి. చుట్టరికం మాత్రం లేదు. కలువ అంటే నింఫియా, పూలు పూసే మొక్కల్లో చాలా పాత కాలంలోనే విడిపోయిన శాఖ. నింఫాయిడిస్ మెన్యాంథేసీ కుటుంబం, అది పొద్దుతిరుగుడు, బంతి ఉండే క్రమంలోకి (అంటే దగ్గరి కుటుంబాలన్నీ కలిసిన గుంపులోకి) వస్తుంది. అంటే మీ చెరువులోని ఈ చిన్న పూవు, పక్కనున్న కలువ కన్నా గట్టు మీద పొలంలో ఉన్న పొద్దుతిరుగుడుకే దగ్గర! క్లాసులో ఈ మాట చెప్తే పిల్లలు నమ్మేవాళ్ళు కాదు (కాకినాడ వైపు డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు బోటనీ చెప్పాను లెండి, నీటి మొక్కలంటే కొంచెం పిచ్చి కూడా ఉంది).

ఇక పూవు. కలువకి రేకులు బోలెడు, వరస వెనక వరస, మధ్యలో పసుపు కేసరాలు కుప్పగా. దీనికి రేకులు ఐదే, అప్పుడప్పుడు ఆరో ఏడో రావచ్చు, అడుగున కలిసి చిన్న గొట్టంలా ఉంటాయి, అందుకే రేకు రేకుగా రాలదు, పూవంతా ఒకేసారి ముడుచుకుపోతుంది. గొంతు దగ్గర పసుపు, మిగతాదంతా తెలుపు. ఇండికాలో ఆ ఐదు రేకుల పైభాగమంతా వెంట్రుకలే. అంచులకే కాదు, నడుమ కూడా. దగ్గరికి వెళ్ళి చూస్తే కొత్త టర్కీ టవల్ మీద పోగులు నిలబడినట్టు ఉంటుంది, మీ మూడో ఫోటోలో అది చక్కగా పడింది, రేకు నునుపు అనేది ఎక్కడా కనపడట్లేదు. ఇంగ్లీషులో వాటర్ స్నోఫ్లేక్ అని పేరు రావడానికి కారణం కూడా ఈ నూగే.

క్రిస్టేటా పూవు ఇంకా చిన్నది, అదీ తెలుపే, గొంతు పసుపే, ఐదు రేకులే, అందుకే దూరం నుంచి తీసిన ఫోటోలో రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ రేకు మీద నూగు ఉండదు. బదులుగా ప్రతి రేకు మధ్యలో నిలువుగా ఒక పల్చటి మడత లేచి ఉంటుంది, గొంతు నుంచి రేకు కొన దాకా, దాని అంచు కొంచెం ముడతలు పడి ఉంటుంది. పక్క నుంచి వెలుగు పడేటప్పుడు చూస్తే ఆ మడత నీడ రేకు మీద పడుతుంది, నిట్టనిలువు ఎండలో తీస్తే అసలు కనపడదు. మీ నాలుగో ఫోటోలో పూవు అంత స్పష్టంగా లేదు, నేను క్రిస్టేటా అనడానికి కారణం ఆకులు. అరచేతిలో పట్టేంత చిన్నవి, అంచు వెంట ఎరుపు ఊదా కలిసిన గీత, ఒక ఆకు గాలికి తిరగబడింది దాని వెనక కూడా అదే రంగు. ఇండికా ఆకులు ముదిరితే జానెడు వెడల్పు కూడా అవుతాయి, పైన ఒకటే పచ్చగా ఉంటాయి. ఆకు రంగు ఒక్కటే చూసి తేల్చకూడదు అనుకోండి, ఎండా నీటి లోతూ బట్టి మారుతుంది, అందుకే దీన్ని ఖాయం చేయట్లేదు, పూవు దగ్గర నుంచి తీసిన ఫోటో ఒకటి కావాలి.

క్రిస్టేటాకి ఇంకో గుర్తుంది, అది కూడా ఆ కణుపు దగ్గరే. సీజన్ ముదిరేకొద్దీ పూల గుత్తి పక్కనే పొట్టి పొట్టి దుంపల్లాంటివి గుత్తిగా వస్తాయి, తర్వాత తెగి బురదలో పడి కొత్త మొక్కలవుతాయి. అక్వేరియం షాపుల్లో బనానా ప్లాంట్ అని అమ్ముతారు చూశారా, అది దీని ప్రజాతిదే (దగ్గరి చుట్టాలైన జాతులన్నీ కలిపితే ఒక ప్రజాతి), అమెరికాలో పుట్టిన నింఫాయిడిస్ అక్వాటికా, దానికి ఉండే అరటిపళ్ళ లాంటివి కూడా ఇదే బాపతు. డిసెంబరు జనవరిలో ఒకసారి ఆ చిన్నాకుల గుంపులో రెండు కాడలు తీసి చూడండి, దుంపలు కనపడితే ఇంక వాదన అక్కర్లేదు.

క్రిస్టేటా అనే పేరుకీ మన నేలకీ సంబంధం ఉంది, అది చెప్పకుండా ఉండలేను. దీన్ని మొదట మెన్యాంథస్ క్రిస్టేటా అని వర్ణించింది విలియం రాక్స్‌బర్గ్. ఆయన ఈస్టిండియా కంపెనీ డాక్టరు, 1781 నుంచి 1793 దాకా మా సామర్లకోటలోనే ఉన్నాడు, అక్కడ తోట పెంచి, ఇక్కడి చిత్రకారుల చేత మొక్కలన్నీ బొమ్మలు గీయించాడు, తర్వాత కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళిపోయాడు. 1795 నుంచి 1820 మధ్య లండన్‌లో మూడు సంపుటాలుగా 300 బొమ్మలతో వచ్చిన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో ఈ మొక్క రెండో సంపుటంలో ఉంది. ఆ చిత్రకారుల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు, నాకది ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే రేకు మధ్య మడతని వాళ్ళు చూసి గీశారు కాబట్టే అది వేరే జాతి అని లోకానికి తెలిసింది.

పేర్ల గొడవ కూడా కొంచెం చెప్తాను, ఎక్కువ లాగను. మన దేశపు ఫ్లోరా పుస్తకాలు (ఒక ప్రాంతంలోని మొక్కలన్నిటినీ వర్ణించేవి) చాలావాటిల్లో క్రిస్టేటానీ నింఫాయిడిస్ హైడ్రోఫిల్లా అనే ఇంకోదాన్నీ ఒకే పేరు కింద కలిపేశారు, అందుకే మీకు హైడ్రోఫిల్లా అని రాసిన ఫోటోలు నెట్‌లో దొరికితే అందులో సగం క్రిస్టేటావే అయి ఉంటాయి, కంగారు పడకండి. ఇంకా పాత పుస్తకాల్లో లిమ్నాంథిమమ్ అని ఉంటుంది, అదీ ఇదే ప్రజాతి. అంతరతామర అన్న ఆయన మాట కూడా తీసిపారేయక్కర్లేదు, ఆ పేరు దీనికీ రాశారు పిస్టియాకీ రాశారు, అందుకే పేరు వినగానే ఏ మొక్కో తేలదు. పిస్టియా అయితే బురదకి అంటుకుని ఉండదు, ఆకులన్నీ గుండ్రంగా ఒకే చోట నుంచి విచ్చుకుని మొక్క మొక్కే నీటి మీద తేలుతూ గాలికి కొట్టుకుపోతుంది, ఎత్తితే వేళ్ళతో సహా చేతికొస్తుంది.

తికమక పెట్టే మిగతావి గబగబా. తామర ఆకుకి చీలిక ఉండదు, కాడ ఆకు నడిమధ్యకి అతుక్కుని ఉంటుంది, ముదిరిన ఆకులు నీటి పైకి లేచి నిలబడతాయి. కలువల్లో రాత్రి పూసి పొద్దెక్కాక ముడుచుకునే తెల్ల కలువ నింఫియా ప్యూబెసెన్స్, దాని ఆకు అంచు రంపంలా పళ్ళు పళ్ళుగా ఉంటుంది, వెనక నూగు. పగలు పూసే నింఫియా నౌచాలి ఆకు అంచు కొంచెం వంకర్లు పోతుంది, అదే నీలిరంగులో కనపడేది. నింఫాయిడిస్ ఆకు అంచు సాఫీగా ఉంటుంది, పళ్ళుండవు. సింగాడ మొక్క అయితే ఆకులు పలకలుగా ఉంటాయి గుండ్రంగా కాదు, పూవుకి రేకులు నాలుగు. మూడే రేకులున్న తెల్ల పూవు నీళ్ళ పైకి వచ్చి ఆకులన్నీ నీళ్ళ లోపలే మునిగి ఉంటే అది ఒటీలియా. మూడు తెల్ల రేకులే ఉండి ఆకు బాణం ములుకులా నీటి పైన నిలబడితే లిమ్నోఫైటాన్. కశ్మీర్ సరస్సుల్లో పసుపు పూలతో ఇలాంటి ఆకులే కనపడతాయి, అది నింఫాయిడిస్ పెల్టేటా, మన వైపు చెరువుల్లో దాన్ని వెతకక్కర్లేదు. గుర్రపు డెక్క సంగతి చెప్పక్కర్లేదు అనుకుంటా, ఉబ్బిన కాడలు, లేత ఊదా పూలు, పై రేకు మీద పసుపు మచ్చ, దాన్ని చూసి ఇది అనుకునేవాళ్ళు ఉండరు.

అన్నట్టు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పుష్పం కలువే, 2018లో ఆంధ్రా వాళ్ళు మల్లెకి మార్చుకున్నారు, మీకేమో తంగేడు వచ్చింది. కలువని వదిలేశాక కలువ కానిదాన్ని పట్టుకుని ఇంత చర్చ పెట్టుకున్నాం మనం.

ఇంకొకటి, ఇది మీరు అడగలేదు కానీ మీ దగ్గర చిన్న లెన్స్ ఉంటే చూడండి, చాలా బాగుంటుంది. ఇండికాలో పూలు రెండు రకాలు. కొన్ని మొక్కల్లో కీలం (పూవు మధ్యలో ఉండే ఆడ భాగపు కాడ) పొడుగ్గా ఉండి కీలాగ్రం (పుప్పొడి అందుకునే దాని కొన) గొంతు బయటికి కనపడుతుంది, పుప్పొడి ఉండే కేసరాలు కిందుంటాయి. కొన్ని మొక్కల్లో తిరగేసి, కేసరాలు పైన, కీలాగ్రం లోపల. ఒక మొక్కకి అంతా ఒకే రకం. పొడుగు రకం పుప్పొడి పొట్టి రకం మీద పడాలి, పొట్టిదాని పుప్పొడి పొడుగుదాని మీద పడాలి, అప్పుడే గింజ బాగా కడుతుంది, సొంత పుప్పొడీ తన రకం పుప్పొడీ పనిచేయదు. అందుకే కొన్ని చెరువుల్లో పూవు విరగబూస్తుంది గానీ కాయ కట్టదు, చెరువంతా ఒకే తల్లి నుంచి తెగిన ముక్కలతో నిండిపోయి ఉంటుంది అన్నమాట. మీ చెరువులో కట్ట వైపు కొన్ని పూలు, మత్తడి వైపు కొన్ని పూలు చూడండి, రెండు రకాలూ దొరికితే ఆ చెరువులో ఇది పాతకాపు అని అనుకోవచ్చు.

ఫోటోలు తీసేటప్పుడు టైం చాలా ముఖ్యం. ఈ పూవు ఒక్క పూటదే, పొద్దున విచ్చుకుని మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటుంది, ముడుచుకున్నాక నూగు అంతా ముద్దయిపోయి ఏ జాతో చెప్పలేం. మర్నాడు అదే గుత్తిలోంచి ఇంకో మొగ్గ విచ్చుకుంటుంది, వాడినది కాడ వంచుకుని నీళ్ళలోకి పోయి కాయ అక్కడే ముదురుతుంది. పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టినా అంతే, రేకులు కాగితానికి అంటుకుని పొరలా అయిపోతాయి, ఆ నూగు ఏమయిందో కూడా తెలీదు, హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట) ఈ జాతి షీట్లు తిరగేసి తలలు పట్టుకోవడం మా వాళ్ళందరికీ అనుభవమే. కాబట్టి నొక్కే ముందే పూవు మీద నూగు ఉందా మడత ఉందా అని అక్కడికక్కడే నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఫోన్‌తో అయితే ఎనిమిది తొమ్మిది గంటలప్పుడు, పూవు ఎదురుగా ఒకటి పక్క నుంచి ఒకటి, ఆకు తిరగేసి ఒకటి, కణుపు దగ్గర ఒకటి, పక్కన ఏదన్నా నాణెం పెట్టి. చెరువు మొత్తం వచ్చేలా తీసిన అందమైన ఫోటో గుర్తింపుకి పనికిరాదండి, ఏమనుకోకండి, మీ మొదటి ఫోటో అదే.

దిగకండి మాత్రం. ఇది సీరియస్‌గా చెప్తున్నా. మట్టి కోసం పూడిక తీసిన చెరువుల్లో జేసీబీ తవ్విన గుంతలు ఉంటాయి, పైన ఆకులు పరుచుకుని ఉంటే మోకాలి లోతు పక్కనే నిలువెత్తు గుంత ఉన్నా తెలీదు, ఈ తీగ కాండాలు కాళ్ళకి చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళకీ కష్టమే. గట్టు మీద నుంచి కొక్కెం ఉన్న పొడుగాటి వెదురు కర్రతో లాగండి, ఒక కాడ వస్తే చాలు, పని అయిపోతుంది. పిల్లల్ని తీసుకెళ్తే అసలు నీళ్ళ దగ్గరికి పోనివ్వకండి.

ఇప్పుడు మందు సంగతి. దయచేసి కొట్టనివ్వకండి. ముందు ఆ చేపలు వేసినవాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పండి, చేపలు చచ్చిపోతాయి అని. మందు వల్లే చావాలని లేదు, ఆకులన్నీ ఒకేసారి చచ్చి నీళ్ళలో కుళ్ళితే ఆ కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీళ్ళలో ఆక్సిజన్ అంతా లాగేస్తాయి, తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి, మబ్బు పట్టిన రోజులయితే ఇంకా ఘోరం. గడ్డి మందుల షాపులో ఇచ్చేవి పొలం గట్లకి పంటలకి, బర్రెలు తాగే చెరువు నీళ్ళలో పోయడానికి కాదు. పైగా ఇది గుర్రపు డెక్కలా దక్షిణ అమెరికా నుంచి వచ్చి పడ్డది కాదు, ఇక్కడి మొక్కే, ఈ చెరువులతో పాటే ఉంది. వానలకి చెరువు నిండాక ఎదుగుతుంది, ఎండాకాలం చెరువు ఎండితే పోతుంది, గింజలో దుంపలో బురదలో మిగిలి మళ్ళీ వస్తుంది. ఆ ఆకుల నీడలో చేపపిల్లలు దాక్కుంటాయి, పొడుగాటి కాలివేళ్ళతో ఆకుల మీదే నడిచే జకానా పిట్టలు వానాకాలంలో ఇలాంటి తేలే ఆకుల మీదే గుడ్లు పెడతాయి.

అలాగని చెరువు మొత్తం కప్పేస్తే మంచిదని నేననను. దట్టంగా అల్లుకుంటే కిందికి వెలుతురు పోదు, గాలి తగలదు, నీళ్ళు మురుగుతాయి, అది నిజమే. ఒక్కసారిగా అలా పెరిగిందంటే మాత్రం తప్పు మొక్కది కాదు, ఊరి మురుగు కాలవో, పైన పొలాల యూరియా, డీఏపీ కడిగిన నీళ్ళో చెరువులో కలుస్తున్నాయని అర్థం, అది ఆపకుండా ఎన్నిసార్లు పీకినా ఫలితం ఉండదు. చెయ్యాల్సింది ఏంటంటే తూము దగ్గర, వల వేసే చోట, బర్రెలు దిగే రేవు దగ్గర దారులు దారులుగా తీయించండి, ఒకేసారి మొత్తం కాదు. తీసేది వేరు దుంపతో సహా రావాలి. కత్తితో పైపైన నరికి వదిలేస్తే కణుపు ఉన్న ప్రతి ముక్కా మళ్ళీ వేరు పెట్టుకుంటుంది, క్రిస్టేటా అయితే మరీను. తీసినదాన్ని గట్టున పడేస్తే వానకి మళ్ళీ లోపలికే పోతుంది, దూరంగా వేసి ఎండనిచ్చి పెంటకుప్పలో కలిపేయండి, ఎరువవుతుంది.

క్రిస్టేటా ఎంత పాకుతుందో తెలియాలంటే అమెరికా చూడాలి. తొట్లలో అందంగా ఉంటుందని తీసుకెళ్ళినట్టున్నారు, 1996లో ఫ్లోరిడాలో బయట నీళ్ళల్లో కనపడింది, 2006కల్లా సౌత్ కరోలినాలో పెద్ద రిజర్వాయర్‌లోకి చేరింది, అక్కడ తినే పురుగులూ లేవు ఎండిపోయే చెరువులూ లేవు, ఇప్పుడు దాన్ని వదిలించుకోడానికి నానా తిప్పలు పడుతున్నారు. మన దగ్గర బుద్ధిగా ఉండే మొక్కే. అమెరికాలో ఉంటూ ఇది చదివే మనవాళ్ళు ఎవరైనా ఇంట్లో వాటర్ గార్డెన్ మొక్కలు ఎక్కువయ్యాయని పక్కన కుంటలో పారేయకండి, ఊరి నుంచి ఇలాంటివి బ్యాగులో తెచ్చుకునే ఆలోచన అసలే వద్దు.

మీ తొట్టికి వస్తే, ఇండికా వేసుకోండి, క్రిస్టేటా వద్దు, రెండు నెలల్లో తొట్టంతా అదే అయిపోతుంది. ఆకు, దాని కింద కణుపు, కణుపు కింద జానెడు కాండం, అంత ముక్క చాలు. వెడల్పు టబ్ తీసుకుని అడుగున చెరువు మట్టి నాలుగు నుంచి ఆరు అంగుళాలు పరచండి, కోకోపీట్ వేయకండి తేలిపోయి నీళ్ళంతా పాడుచేస్తుంది, కణుపు మట్టిలో కొంచెం ఆనేలా గుచ్చి చిన్న రాయి బరువు పెట్టి ఆకు తేలేంత నీళ్ళు పోయండి, వేరు పట్టాక మెల్లగా అడుగు లోతు దాకా పెంచండి. ఎండ పూర్తిగా తగలాలి, నీడలో ఆకులొస్తాయి పూలు రావు. ఎరువు వేయొద్దు, వేస్తే పాచి పడుతుంది. దోమలు వస్తాయి కాబట్టి నాలుగు గప్పీ చేపలు వేయండి, ఆ గప్పీల్ని కూడా తర్వాత చెరువులో వదలకండి. తొట్టి కడిగిన నీళ్ళు మొక్కలకి పోయండి, కాలవలో పోయకండి. ఒకటే మొక్క తెచ్చుకుంటే గింజలు కట్టవు, పైన చెప్పాను కదా, అది మీకు మంచిదే.

ఎవరో కింద కామెంట్లో ఇది కాళ్ళనొప్పులకి పసరు తీసి వాడతారు అని రాశారు. చెరువులో పెరిగే మొక్క ఆ నీళ్ళలో ఏముంటే అది పీల్చుకుంటుంది, పైన మురుగు కలుస్తుంటే అందులో ఏముందో ఎవరికి తెలుసు, నేనయితే లోపలికి తీసుకోమని చెప్పను.

నాలుగో ఫోటో మొక్క పూవు మాత్రం దగ్గర నుంచి ఒకటి తీసి పెట్టండి, పొద్దున పూట, పక్క నుంచి వెలుగు పడేలా. మడత కనపడితే మీ చెరువు లిస్టులో రెండు పేర్లు రాసుకోండి, నూగు కనపడితే అది కూడా ఇండికానే, చిన్న నీళ్ళలో చిన్నగా పెరిగింది అంతే.